మన పట్టణమునకు పేరిచ్చిన ప్రభువు

మారేడ్‌పల్లి నుండి పరేడు మైదానము వైపు నడచిపోవు మన బాలురకు ప్రతి దుకాణపు పలకమీదను కనబడు పేరు సికింద్రాబాదు. ఈ పేరు ఎవరిదని తరగతిలో నడిగినచో, పదిమందిలో నలుగురైనను గ్రీకు వీరుడగు అలెగ్జాండరుదని బదులు చెప్పుదురు. పారసీకమునందును ఉర్దూనందును ఆ వీరుని సికందరు అందురు గనుక ఈ పొరపాటు సహజమే. కాని మన పట్టణము పేరు దిగ్విజయము చేసిన వీరునిది కాదు. 1803 మొదలు 1829 వరకు హైదరాబాదు సింహాసనమున నుండిన మూడవ అసఫ్ జా, అనగా సికందర్ జా అను నిజాముది. హుస్సేనుసాగరమునకు ఉత్తరమున విడిసిన ఇంగ్లీషు దండు స్థావరమునకు 1806లో ఆయన పేరు పెట్టిరి.

ఆ ప్రభువు ఎట్టివాడని అడిగినచో, సామాన్యముగా మనకు దొరకు సమాధానము ఒక్క పంక్తిలో ముగియును: ఆయన దుర్బలుడు, సోమరి, రాజ్యమును అప్పులపాలు చేసినవాడు. ఈ పంక్తిలో కొంత నిజము లేకపోలేదు. అయినను అది న్యాయమైన తీర్పు కాదనియు, దానిని వల్లించి ఊరకుండుట వలన చరిత్ర చదివిన ఫలము మనకు దక్కదనియు నా యభిప్రాయము. ఒక రాజ్యము చెడినప్పుడు ‘రాజు చెడ్డవాడు’ అని తేల్చివేయుట సులభము. ఆ రాజ్యమున సొమ్ము ఎవరు తీసిరి, ఎవరు ఖర్చుపెట్టిరి, ఎవరు ఎవరికి లెక్క చెప్పవలసియుండెను అని విచారించుట కష్టము. ఆ కష్టమైన పనియే మనము చేయవలసినది.

ఇందుకై ముందు ఇంగ్లాండు దేశపు కథ యొకటి చెప్పుకొందము. రెండు కథలను ప్రక్కప్రక్కన నుంచి చూచినగాని తేడా తెలియదు.

1307లో రెండవ ఎడ్వర్డు ఇంగ్లాండునకు రాజయ్యెను. ఆయన తండ్రి స్కాట్లాండు యుద్ధములకై పెద్ద యప్పులు చేసి పోయెను. కుమారునకు యుద్ధమునందు గాని, రాచకార్యములందు గాని శ్రద్ధ తక్కువ. గేవ్‌స్టన్ అను నొక ప్రియమిత్రుని చెప్పుచేతలలో నుండి, భూములను, పదవులను అతనికి ధారపోసెను. ఇటలీలోని ఫ్లోరెన్సు నగరమునుండి వచ్చిన ఫ్రెస్కోబాల్డి అను వర్తకుల సంఘము రాజునకు అప్పులిచ్చి, దానికి ప్రతిగా రేవులలో వచ్చు సుంకములను తన చేతిలో నుంచుకొనెను. దేశపు రాబడి రాజు బొక్కసమునకు చేరకమునుపే అప్పులవారి సంచులలో పడుచుండెను.

అప్పుడు ఇంగ్లాండు ప్రభువర్గము ఏమి చేసెను? రాజును నిర్బంధించి ఇరువదియొక్క మంది పెద్దలను ఏర్పరచెను. వారు 1311లో 41 విధులతో నొక శాసనము వ్రాసిరి. దేశపు రాబడి యంతయు బొక్కసమునకే చేరవలెను. పరదేశపు వర్తకులు సుంకములు వసూలు చేయరాదు. అంతవరకు పుచ్చుకొనినదానికి లెక్క చెప్పవలెను. పెద్దల సమ్మతి లేక రాజు దానములు చేయరాదు, యుద్ధమునకు పోరాదు. ఏడాదికి ఒకమారైనను పార్లమెంటు కూడవలెను. ఇవి అందులోని ముఖ్యమైన మాటలు.

ఈ శాసనముతో ఇంగ్లాండు బాగుపడెనని యెవరును తలంపవలదు. 1314లో బానక్‌బర్న్ వద్ద స్కాట్లాండువారి చేతిలో ఎడ్వర్డు చిత్తుగా నోడెను. 1315 మొదలు ఎడతెగని వానలచేత పంటలు కుళ్లి ఘోరమైన కఱవు వచ్చెను. 1322లో రాజు ఆ శాసనమును కొట్టివేయించి, డిస్పెన్సర్లు అను తండ్రికొడుకులకు రాజ్యము నప్పగించెను. కడకు 1327లో సింహాసనము కోల్పోయెను. శాసనము వ్రాసిన ప్రభువులును రైతులపై జాలిచేత వ్రాసినవారు కారు. తమ యధికారము తగ్గుచున్నదను కోపముతో వ్రాసిరి. అయినను ఒక్క మాట నిలిచిపోయెను: రాజైనను లెక్క చెప్పవలెను, చెప్పనిచో అడుగువారు కలరు.

ఇక మన ఊరి కథకు వత్తము.

సికందర్ జా తండ్రియగు నిజాము అలీఖాన్ 1798లోను 1800లోను ఈస్టిండియా కంపెనీతో సంధులు చేసికొనెను. వాని ప్రకారము కంపెనీ తన దండును హైదరాబాదు రక్షణకై ఇక్కడ నుంచవలెను. దాని జీతములకై నిజాము, మైసూరు యుద్ధములలో తనకు వచ్చిన బళ్లారి, కడప మొదలగు సీమలను కంపెనీకి వదలుకొనెను. వానినే మనవారు దత్తమండలములందురు. ఇతర రాజ్యములతో వ్యవహారములన్నియు కంపెనీ ద్వారా జరుగవలెనని కూడ నిర్ణయమయ్యెను. 1803లో సికందర్ జా గద్దెనెక్కునాటికి ఈ కట్టుబాట్లన్నియు సిద్ధముగా నుండెను.

ఆయనకు తన మంత్రిని తాను ఎన్నుకొను స్వేచ్ఛ కూడ లేదు. మొదట దివానైన మీర్ ఆలము కంపెనీకి నమ్మకమైనవాడు. ఆయన పోయిన పిదప 1809లో ఆయన యల్లుడు మునీరుల్ ముల్కు దివానయ్యెను గాని, అది పేరునకు మాత్రమే. రాజ్యభారమంతయు పేష్కారగు రాజా చందూలాల్ చేతిలో నుండవలెనని రెసిడెంటు కోరికమీద ఏర్పాటు జరిగెను. ఆ ఏర్పాటు దాదాపు నిజాము జీవితాంతము వఱకు సాగెను. సికందర్ జా క్రమముగా దర్బారునకు వచ్చుట తగ్గించి, కోటలోనే కాలము గడపుచు వచ్చెను. దీనిని సోమరితనమన్నచో అనవచ్చును. కాని సంతకము మాత్రమే తనది, నిర్ణయము ఇతరులది యైనప్పుడు, ఎంత చుఱుకైనవాడైనను ఎన్నాళ్లు దర్బారు చేయును?

ఇప్పుడు సొమ్ము సంగతి చూతము. కంపెనీ దండునకై దత్తమండలములిచ్చుటతో రక్షణకు వెల చెల్లినట్లే. యుద్ధము వచ్చినప్పుడు మాత్రము నిజాము తన వంతుగా 6,000 కాల్బలమును 9,000 గుఱ్ఱపు దళమును పంపవలెనని 1800 నాటి సంధిలో నుండెను. 1811 మొదలు 1820 వరకు రెసిడెంటుగా నుండిన హెన్రీ రస్సెల్, ఈ సేనను శాంతికాలమునందు కూడ నిలువ సేనగా నుంచి, దానికి ఇంగ్లీషు అధికారులను నియమించెను. ఇదియే తరువాత హైదరాబాదు కంటింజెంటు అని పేరు పొందినది. దాని స్థావరము మనకు ఉత్తరముననున్న బొల్లారము. 1817లో మహారాష్ట్రులతో మహిద్‌పూర్ వద్ద జరిగిన యుద్ధములో ఈ సేన కంపెనీ పక్షమున పోరాడెను. దాని ఖర్చు మాత్రము నిజామునది. అది ఏటికి సుమారు 40 లక్షల రూపాయల వరకు పెరిగెను. ఒక్క యింటికి ఇద్దరు కావలివాండ్రను పెట్టి, ఇద్దరి కూలియు ఇంటివానిచేతనే ఇప్పించినట్లయ్యెను.

ఈ 40 లక్షలు ఎచ్చటనుండి రావలెను? శిస్తునుండి. శిస్తు ఎట్లు వసూలు చేయవలెను? చందూలాల్ అవలంబించిన మార్గము ఇజారా. ఒక తాలూకాను ఎవడు ఎక్కువ సొమ్ము ముందుగా నిచ్చిన వానికి అప్పగించుట; వాడు తాను పెట్టిన దానికి రెండింతలు రైతులనుండి లాగుకొనుట. వానికంటె ఎక్కువ నిచ్చువాడు దొరకినచో, ఏడాది తిరుగకమునుపే వానిని తీసి మఱొకని నియమించుచుండిరి. కావున తాలూకాదారునకు రేపటిమీద ఆశ లేదు. చెఱువు గండి పడినను పూడ్పించడు, రైతు ఎద్దు చచ్చినను తకావి ఇయ్యడు. ఇజారాదారులు వసూలునకై అరబ్బులు మొదలగు ఆయుధపాణులను వెంట దెచ్చుకొనుచుండిరి. పటేలు పట్వారీలకు ఎవరి ఉత్తరువు చెల్లునో తెలియని స్థితి వచ్చెను. అనేక గ్రామములలో రైతులు కొంపలు విడిచి పారిపోయిరి.

శిస్తు చాలనప్పుడు అప్పు. ఆ కాలమున హైదరాబాదులో విలియం పామర్ అను నతడు కొందరితో కలిసి నొక వడ్డీ వ్యాపారపు కంపెనీ పెట్టి యుండెను. ఇంగ్లీషువారు దేశీయ సంస్థానాధీశులకు అప్పులిచ్చుటను పార్లమెంటు 1797లో చట్టముచే నిషేధించెను. అయినను 1816లో గవర్నరు జనరలగు హేస్టింగ్సు ప్రభువు ఈ కంపెనీకి ప్రత్యేకమైన సెలవు నిచ్చెను. ఆ ప్రభువు పెంచిన బాలికను పెండ్లాడిన విలియం రంబోల్డు ఇందులో భాగస్వామియై యుండెను. వడ్డీ నూటికి 24, 25 రూపాయలు కూడ నుండెను. ఆ సొమ్ములో పెద్దభాగము పోయినది కంటింజెంటు జీతములకే. 1820లో 60 లక్షల రూపాయల పెద్ద యప్పునకు అనుమతి దొరకెను. పత్రమున వ్రాసిన 60 లక్షలలో కొంత మొత్తము నిజముగా సర్కారు చేతికి రానేలేదని తరువాత బయటపడెను.

దానిని బయటపెట్టినవాడు కూడ ఒక ఇంగ్లీషువాడే యని మనము మఱవరాదు. 1820లో రెసిడెంటుగా వచ్చిన చార్లెస్ మెట్కాఫ్, తన పైయధికారి యగు గవర్నరు జనరలునకు కోపము వచ్చునని తెలిసియు, ఈ అప్పుల గుట్టు విప్పెను. గ్రామములకు వెళ్లి చూచి, శిస్తును కొన్ని సంవత్సరములకు నిర్ణయించి, తాలూకాదారులు దానికి మించి పుచ్చుకొనకుండ కంపెనీ యధికారులను జిల్లాలలో నియమించెను. పారిపోయిన రైతులు కొన్ని చోట్ల తిరిగి వచ్చిరి. కాని పామర్ కంపెనీ బాకీ తీరుట ఎట్లు? ఉత్తర సర్కారులకై, అనగా రాజమహేంద్రవరము, ఏలూరు, శ్రీకాకుళము మొదలగు తెలుగు సీమలకై, ఈస్టిండియా కంపెనీ నిజామునకు ఏటేట 7 లక్షల పేష్కషు చెల్లింపవలసి యుండెను. 1823లో ఆ హక్కును శాశ్వతముగా వదలుకొని, ఒక్కసారిగా 1 కోటి 16 లక్షల పైచిలుకు రూపాయలను నిజాము సర్కారు పుచ్చుకొనెను. దానితో పామర్ కంపెనీ బాకీ తీర్చిరి. తరతరములకు రావలసిన రాబడి, కొలది సంవత్సరముల వడ్డీలకు బలియయ్యెను.

ఇప్పుడు రెండు కథలను పోల్చి చూడుడు. రెండింట దుర్బలుడైన రాజు. రెండింట రాజు పేర రాజ్యమేలు మంత్రి. రెండింట అప్పులిచ్చి రాబడిని హరించిన పరదేశపు వర్తకులు. ఇంతవరకు పోలిక సరిపోయినది. కాని ఇంగ్లాండులో నాలుగేండ్లకే పెద్దలు కూడి లెక్క అడిగిరి. ఇచ్చట ఇరువదియాఱేండ్లు గడచినను రాజును గాని మంత్రిని గాని లెక్క అడిగిన దేశస్థుడు లేకపోయెను. ఎందువలన?

మనవారు పిఱికివారు, ఇంగ్లీషువారు ధీరులు అని కొందరు సులభముగా చెప్పివేయుదురు. ఈ మాటను నేను ఒప్పుకొనను. దీనికి సరియైన సమాధానము ఆ కాలముననే యొక ఇంగ్లీషు ఉద్యోగి చెప్పెను. ఆయన దత్తమండలములకు మొదటి కలెక్టరుగా నుండి, తరువాత మద్రాసు గవర్నరై, 1827లో పత్తికొండ వద్ద విషూచిచే మరణించిన సర్ థామస్ మన్రో. మన సీమ రైతులు ఆయనను మండ్రో దొర యని పిలుచుచుండిరి. 1817లో ఆయన హేస్టింగ్సు ప్రభువునకు వ్రాసిన జాబు సారాంశమిది: ఈ దేశమున చెడ్డ ప్రభుత్వమునకు మందు రెండు విధములు, ఒకటి కోటలో నెమ్మదిగా జరుగు మార్పు, రెండవది ప్రజల తిరుగుబాటు. కంపెనీ దండు రాజునకు కావలి కాయుటచేత ఈ రెండును లేకుండ పోవును. పగవారి భయమును ప్రజల భయమును లేని రాజు సోమరి యగును; ప్రజలు పేదలగుదురు.

ఈ జాబును చదివిన పిమ్మట సికందర్ జా కథ వేఱొక విధముగా గోచరించును. ఎడ్వర్డునకు తన ప్రజలను చూచి వెఱపు ఉండెను. ఆ వెఱపే ఇంగ్లాండునకు మేలు చేసెను. సికందర్ జా గద్దెకు వెలుపలి దండు కాపుండెను. దండునకు అధికారము కలదు గాని రైతు మంచిచెడ్డల బాధ్యత లేదు. చందూలాల్‌నకు సొమ్ము సమకూర్చు బాధ్యత కలదు గాని, ఖర్చు తగ్గించు నధికారము లేదు. రాజునకు పేరు కలదు గాని రెండును లేవు. రైతునకు మిగిలినది ఒక్కటే యుపాయము: రాత్రివేళ మూటాముల్లె కట్టుకొని ఊరు విడిచిపోవుట. అదియే ఆనాటి తెలంగాణపు రైతు పంపిన అర్జీ. దానిని చదివినవారు కొలదిమంది.

చందూలాల్‌ను ఒక్కనిని దోషిగా నిలుపుటయు నాకు సమ్మతము కాదు. ఆయన గొప్ప దాతయనియు, ఉర్దూ పారసీకములందు కవియనియు ప్రసిద్ధి. కాని దానము చేయుటకు వాడిన సొమ్మునకు లెక్క లేనప్పుడు, ఆ దానము మఱొకని కంచములోనిది. మంచి మనసు లెక్కలకు బదులు కాజాలదని తెలిసికొనుటకు ఆయన జీవితము చాలును.

సికందర్ జా 1829లో మరణించెను. ఆయన కుమారుడు నాసిరుద్దౌలా గద్దెనెక్కినంతనే, జిల్లాలలోని కంపెనీ యధికారులను తొలగింపుమని కోరెను, కంపెనీ సమ్మతించెను. కోరుట న్యాయమే, తన యింటి లెక్క తానే చూచుకొనవలెనని యెవనికి నుండదు? కాని వెలుపలివారి లెక్క తొలగిన చోట లోపలివారి లెక్క నిలువలేదు. ఇజారా మరల వచ్చెను, అప్పు మరల పెరిగెను. 1843లో చందూలాల్ రాజీనామా ఇచ్చెను. కంటింజెంటు జీతముల బాకీక్రింద 1853లో బీరారును, రాయచూరు దోఆబును, ధారాశివమును కంపెనీ చేతిలో పెట్టవలసి వచ్చెను. 1860లో తక్కినవి తిరిగి వచ్చెను గాని బీరారు రాలేదు. 1853లోనే దివానైన సాలార్ జంగు, ఇజారాను క్రమముగా తీసివేసి, జీతగాండ్రగు ఉద్యోగులచేత శిస్తు వసూలు చేయించి, 1865లో జిల్లాల ఏర్పాటు చేసిన పిదపగాని, రైతునకు తాను చెల్లింపవలసినది ఎంతయో తెలిసిన రోజులు రాలేదు. ఆయన మంత్రమేమియు వేయలేదు. ఎంత వచ్చినది, ఎంత పోయినది, ఎవరు పుచ్చుకొనిరి అని వ్రాసియుంచు పద్ధతి పెట్టెను. అంతియే.

ఇదంతయు పాఠశాల పత్రికలో నెందులకని కొందరు తల్లిదండ్రులు అడుగవచ్చును. నేను చెప్పదలచినది ఇది. నేడు మనకు రాజులు లేరు, రెసిడెంటులు లేరు. కాని ఒకరు నిర్ణయించి, మఱొకరు ఖర్చుపెట్టి, వేఱొకరు చెల్లించు స్థలములు మన చుట్టును ఎన్నియో కలవు. తరగతి విహారయాత్రకు చందా వసూలు చేయు పిల్లవాడు, మిగిలిన అయిదు రూపాయలకు లెక్క వ్రాసి గోడకు అంటించుట నేర్చినచో, వాడు పౌరశాస్త్రములో సగము నేర్చినట్లే. తక్కిన పిల్లలు మొగమాటము లేకుండ ‘లెక్క ఏది?’ అని యడుగుట నేర్చినచో, తక్కిన సగము నేర్చినట్లు. అట్లడుగుట అవమానించుట కాదు, నమ్మకమును నిలుపుట. మన ఇండ్లలో పెద్దలను లెక్క అడుగుట అవిధేయత యనుకొందుము. కాలనీ సంఘములో చందా ఇచ్చి, ఏడాది చివర కాగితము చూడకుండ చేయి యెత్తి సమ్మతింతుము. అట్టి యింట పెరిగిన పిల్లవాడు రేపు మంత్రిని ఏమని యడుగును?

మఱియు నొక మాట. మన పట్టణపు పేరు దుర్బలుడైన రాజుది యని సిగ్గుపడవలసిన పని లేదు. ఆ పేరు మార్చవలెనని కోరుటయు నా యుద్దేశము కాదు. విజయస్తంభములు గొప్ప దినములను జ్ఞాపకము చేయును. ఈ పేరు మనకు చెడు దినములను జ్ఞాపకము చేయుటకు ఉపయోగపడనిండు. లష్కరు బజారులో నడచునప్పుడు ఆ పేరు చూచి, దానివెనుక కోటలో ఒంటరిగా కూర్చుండిన ప్రభువును, ఆయన పేరున అప్పుపత్రములు వ్రాసినవారిని, ఆ వడ్డీ కట్టలేక అర్ధరాత్రమున బండి కట్టిన రైతును కూడ మన బాలబాలికలు తలచుకొందురు గాక. రాజు పేరు పట్టణమునకు నిలిచినది. రైతుల పేర్లు ఎచ్చటను లేవు. వారి పక్షమున లెక్క అడుగువారు మన తరగతులనుండి రావలెనని నా కోరిక.